రాళ్ళు మోసే తల్లి

మణిమంత రాజ్య యువరాజు సోమకేతు మొయిలుదీవి ఒడ్డున అడుగుపెట్టేసరికి అతనిలో యువరాజు అనదగ్గది ఏమంత మిగల్లేదు. కిరీటం నాగవల్లీ అరణ్యంలో కోతులపాలైంది. గుర్రం ఎర్రమన్ను ఎడారిలో కూలబడి మళ్ళీ లేవలేదు. పట్టుబట్టలు చిరిగినకొద్దీ చిన్నవై, చివరికి నడుముకు చుట్టుకునేంత మిగిలాయి. ఇప్పుడతని వెంట ఉన్నవి ఒక త్రిశూలం, మైనంతో మూతవేసిన ఒక వెండి భరిణె, కోలప్ప అనే ముసలి మావటివాడు. ఆ మూడింటిలో నోరున్నది కోలప్పకే. దాన్ని అతను పగలంతా మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పుకోవడానికే వాడేవాడు.

సాహసయాత్రలు వినేవాళ్ళకు ముచ్చటగానే ఉంటాయి. చేసేవాడి అరికాళ్ళను మాత్రం ఎవరూ అడగరు.

సంగతి ఇది. ఘూకనాథుడనే మాంత్రికుడు నిండు సభలో నిలబడి, యువరాజు చెల్లెలు హేమలేఖను తనకిచ్చి పెళ్ళి చేయమన్నాడు. రెండు భుజాల మీదా గుడ్లగూబలు, వాటికి దగ్గరి చుట్టంలాంటి మొహం. ఆ వాలకం చూసి ఆమె ఫక్కున నవ్వింది. నవ్వు పూర్తికాకముందే నిలువునా ఉప్పుబొమ్మ అయిపోయింది. రాజవైద్యుడు పరుగున వచ్చి, బొమ్మను వేలితో తాకి, ఆ వేలు నాలుక మీద పెట్టుకుని, "సందేహం లేదు, ఉప్పే" అని తేల్చి చక్కా పోయాడు. కానీ ఆ ఉప్పులో ప్రాణం ఉంది. బొమ్మకు గోళ్ళు పెరిగేవి. దాసీలు ఏడుస్తూ వాటిని కత్తిరించేవారు.

మైనపు గుడ్డలతో పందిరి వేసి, చుట్టూ నిప్పుల కుంపట్లు పెట్టి, పోయిన వానాకాలం ఎలాగో గట్టెక్కించారు. అయినా ఒక ముసురు రోజున సోమకేతు చెల్లెలి చెయ్యి పట్టుకుంటే చిటికెన వేలు విరిగి అతని అరచేతిలోకి వచ్చేసింది. ఆ వేలే భరిణెలో ఉంది. దారిపొడవునా అతను అప్పుడప్పుడూ మూత తీసి, దాని గోరు కత్తిరించి, మళ్ళీ మైనం పూసి మొలలో దోపుకుంటున్నాడు.

ఇక మునుల సంగతి. విరుగుడు చెప్పమంటే ఒక ముని ఇంకొక మునిని చూపించాడు, ఆ ముని మరో మునిని చూపించాడు. ప్రతివాడూ ఒక కొండ అవతలే ఉండేవాడు. ఆఖరివాడు కళ్ళయినా తెరవకుండా చెప్పాడు. "మొయిలుదీవి మడుగులో దీర్ఘగ్రీవ అనే జలప్రాణి ఉంది. పొడుగు మెడ, పీపాలాంటి ఒళ్ళు, నాలుగు తెడ్లు. ఆ జాతి ఎప్పుడో అంతరించిందని లోకం అనుకుంటోంది, అనుకోనీ. దాని కడుపులో నీలిచుక్క రాయి ఉంది. ఆ రాయి తగిలితే ఉప్పు మళ్ళీ మాంసమవుతుంది. ఇదిగో త్రిశూలం. కడుపు చీల్చి తెచ్చుకో." ఆ మాట అనేసి ఆయన మళ్ళీ తపస్సులో పడిపోయాడు.

సముద్రం మీద వస్తుండగా ఆకాశంలో ఒక నల్లటి మేఘం కనిపించింది. కోలప్ప చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "బాబుగారూ, ఈ మబ్బు గాలికి పోవడం లేదండీ. దాన్నెవరో లాగుతున్నారు" అన్నాడు. నిజమే. వందలాది గుడ్లగూబలు మేఘం అంచులు ముక్కులతో కరిచిపట్టి, పట్టపగలు, ఉత్తర దిక్కుకు ఈడ్చుకుపోతున్నాయి. ఉత్తరాన మణిమంతం ఉంది. ఆ మేఘంలో పందిళ్ళకూ కుంపట్లకూ లొంగని వాన ఉంది. బరువు వల్ల గుడ్లగూబలు మెల్లగా వెళ్తున్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

మొయిలుదీవిలోకి కొత్తవాళ్ళను రానివ్వరు. పోయినవాళ్ళ పేర చావురాయి తెచ్చినవాళ్ళను మాత్రం ఆపరు. ఆ మాట చెప్పినవాడు వాళ్ళను దింపి వెళ్ళిన పడవవాడే. అందుకని యువరాజు ఒంటికి బూడిద రాసుకుని, తల మీద తడిగుడ్డ కప్పుకుని, వెలగపండంత రాయిని గుండెలకు హత్తుకున్నాడు. త్రిశూలానికి పాతగుడ్డలు చుట్టి కోలప్ప చేతికి ఊతకర్రగా ఇచ్చారు. ఎవరు పోయారని అడిగితే కోలప్ప మేనత్త పేరు చెప్పాలని పడవలోనే మాటనుకున్నారు. ఆవిడ పోయి చాలాకాలమైంది కాబట్టి దోషం ఉండదని కోలప్ప అభిప్రాయం.

దీవి పెద్ద శంఖవ్వ ఒడ్డునే ఎదురైంది. మెడలో శంఖం, ముఖం నిండా ముడతలు, ముడతల నిండా ఉప్పుగాలి. ఆమె యువరాజు తల మీద చెయ్యి వేసింది. ఏళ్ళ తరబడి ఎవరూ అతని తల మీద అలా చెయ్యి వెయ్యలేదు.

"ఎవరు పోనారు బాబూ?"

నాలుక మీద సిద్ధంగా ఉన్న మేనత్త పేరు ఎటు పోయిందో పోయింది. అలసిపోయిన మనిషి నోట అబద్ధం కూడా సరిగ్గా రాదు.

"హేమలేఖ. నా చెల్లెలు."

"ఏటి ఈడు?"

"పెళ్ళీడు."

"అయ్యో గుంటా!" అని ముసలామె ఊరూ పేరూ ఎరగని పిల్ల కోసం నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ కన్నీళ్ళు చూసి యువరాజుకు సిగ్గేసింది. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "ఆచారం సెప్పాల గదా, సెప్తన్నాను ఇను. బతికున్నోల్ల రాయి తెచ్చి అమ్మకి పెట్టకూడదు. తెలిసి పెట్టినోడ్ని అమ్మకే కట్టేసి సముద్రంలోకి ఇడిసేత్తాం. అమ్మ మునిగితే ఆడూ మునుగుతాడు" అంది.

కోలప్ప ఊతకర్ర చేతిలోంచి జారబోయింది. యువరాజు తలవంచుకుని ఆమె వెంట నడిచాడు.

మడుగు చుట్టూ పగడపు బండలు కోటగోడలా నిలబడి ఉన్నాయి. మధ్యాహ్నపు ఎండకు నీళ్ళు ఒకచోట పచ్చగా, ఒకచోట నెమలి కంఠంలా, లోతు తక్కువైన చోట తేనెరంగుగా మెరుస్తున్నాయి. అడుగున ఎర్రటి నాచు చీరకుచ్చిళ్ళలా ఊగుతోంది. వెండిచేపలు గుంపులుగా తిరుగుతూ, నీడ కనబడ్డ చోట ఒక్కసారిగా చెదిరిపోతున్నాయి. ఆ అందాలన్నిటి మధ్యా ఒక నల్లటి గుట్ట ఉంది. గుట్ట ఊపిరి తీసుకుంటోంది.

మణిమంతం ఆస్థాన చిత్రకారుడు దీర్ఘగ్రీవను గోడమీద వేశాడు. మెడ హంసలా వంపు తిప్పి, నీళ్ళమీద ఠీవిగా నిలబెట్టి, నోట్లో ఒక తామరపువ్వు కూడా పెట్టాడు. ఆ మహానుభావుడు జన్మలో సముద్రం చూడలేదు. ఇక్కడున్న మెడ లేవలేదు. పడవ తాడులా నీళ్ళమీద బారుగా పడి ఉంది. దాని చివర ఒంటితో పోలిస్తే చాలా చిన్న తల, ఒక చదును బండ మీద గడ్డం ఆనించుకుని ఉంది. పళ్ళు సూదుల్లా ఒకదాని సందులో ఒకటి ఇమిడి ఉన్నాయి. పెద్ద తెడ్లలాంటి నాలుగు రెక్కలూ ఇసకలో చాపుకుని, కడుపు నేలకానించి, ఎన్నో ఊళ్ళు తిరిగొచ్చిన బండెద్దులా కూలబడి ఉంది.

"పోయిన ఎండాకాలం ఇసజొరం ఒచ్చినాది బాబూ" అంది శంఖవ్వ. "గడపకొకరు పోనారు. కొన్ని గడపల్లో పిలిత్తే పలికీవోడే లేడు. ఆల్లందరి రాల్లూ అమ్మకే ఇచ్చినాం. మా ఏడుపు ఇని అమ్మ కదల్లేకపోనాది. అప్పట్నించీ ఇలాగే మాతోనే ఉండిపోనాది."

చావురాయిని ఒక పెద్ద చేప కడుపులో పెట్టి కుట్టడం వాళ్ళ పద్ధతి. పోయినవాళ్ళ పేరు చేప చెవిలో చెప్పి, దీర్ఘగ్రీవ నోటికందిస్తారు. చేపలకు చెవులెక్కడివని కోలప్ప గొణిగాడు గానీ ఎవరూ వినిపించుకోలేదు. శంఖవ్వ చేపను అందించింది. దీర్ఘగ్రీవ దాన్ని మింగింది. గుటక పడ్డాక ఆ చేప ఉబ్బు పొడుగాటి మెడ వెంబడి మెల్లగా జారుతూ పోవడం అందరూ చూశారు.

"ఇచ్చిన రాయి తిరిగి రాదా అవ్వా?" అని అడిగాడు సోమకేతు.

"ఒకపాలి ఒచ్చినాది. మా తాత పడవ మునిగి పోనాడనుకుని రాయి ఇచ్చేసినారు. ఏడాదికి నవ్వుకుంటా తిరిగొచ్చినాడు. బతికున్నోడి రాయి కడుపులో ఉంటే మిగతావోల్లకి నిద్దర పట్టదంట. అప్పుడు సేదునాచు పెట్టి ఎనక్కి అడిగినారు. అమ్మ అన్నీ కక్కినాది. ఆయన రాయి తీసేసి, మిగతాయి మల్లీ పెట్టినారు. నేనప్పుడు గుంటని."

దినం భోజనాలకని దీవి జనమంతా గుడిసెల వైపు కదిలారు. బండల వెనక ఇద్దరే మిగిలారు. యువరాజు త్రిశూలానికి చుట్టిన గుడ్డలు విప్పాడు. ఆకాశంలో గుడ్లగూబల మేఘం దీవి నెత్తిమీదికి వచ్చేసింది.

"కానివ్వండి బాబుగారూ. ఒక్క పోటు పొడిచి, రాయి తీసుకుని, ఏదో ఒక పడవెక్కి పోదాం" అన్నాడు కోలప్ప. ఆ మాట అంటూ అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు.

సోమకేతు త్రిశూలం పళ్ళ మధ్య కరిచిపట్టి నీళ్ళలోకి దూకాడు. అడుగున నాచు కాళ్ళకు చుట్టుకుంది. తన్ని విడిపించుకుని, ఇసకమీద పాకుతూ కడుపు కిందికి చేరి, త్రిశూలం ఎత్తాడు. దీర్ఘగ్రీవకు నీళ్ళ కదలిక తెలిసింది. ముందు రెక్క ఒక్కసారి విసిరింది. త్రిశూలం ఎగిరి ఎక్కడో పడింది. రెండో విసురుకు యువరాజు బండకు కొట్టుకుని, రెక్క కింద ఇరుక్కుపోయాడు. ఊపిరి బుడగలు బుడగలుగా పైకి పోయింది. కళ్ళముందు చీకట్లు కమ్ముతుండగా చేతులు రెండూ ఆ కడుపుకు ఆనించి నెట్టాడు.

కడుపులో రాళ్ళు ఒరుసుకుంటున్న చప్పుడు వినిపించింది, తిరగలి తిరుగుతున్నట్టు. ఆ చప్పుడు మధ్యలో అతని అరచేతికి ఒక తన్ను తగిలింది. రాయి తన్నదు.

అదే క్షణంలో ఆ ప్రాణి ఊపిరి కోసం కదిలింది. తల బండమీంచి జారింది. మెడ పైకెత్తడానికి చేసిన ప్రయత్నంలో రెక్క సడలింది. యువరాజు పైకి తేలి గుక్కపట్టి గాలి పీల్చాడు. మూరెడు దూరంలో దీర్ఘగ్రీవ కూడా ముక్కు పైకెత్తి గాలి పీల్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. దాని కన్ను పెద్దది, ఎర్రబడి ఉంది. అది కోపపు ఎరుపు కాదు. ఆ నిద్రలేమి యువరాజుకు బాగా తెలిసినదే, రోజూ చెరువుల్లోనూ కుంటల్లోనూ మొహం కడుక్కునేటప్పుడు తన కళ్ళలో చూస్తున్నదే.

నీళ్ళు అతని మెడదాకా వచ్చాయి. ఇందాక ఛాతీదాకానే ఉన్నాయి. అతను బండవైపు చూశాడు. దానిమీద, దీర్ఘగ్రీవ గడ్డం ఆనించుకున్న చోటుకు నిలువెత్తు పైన, పోటు నీళ్ళు వదిలిపెట్టిన పాచిచార ఉంది.

"కోలప్పా! ఇవాళ ఏ తిథి?"

"పున్నమండీ."

"పున్నమి పోటుకు ఈ బండ మునుగుతుంది. ఇన్నాళ్ళూ మెడ ఎత్తి గట్టెక్కినట్టుంది, ఇప్పుడు ఎత్తే ఓపిక లేదు. ఇది మనలాగే గాలి పీల్చే ప్రాణి. కడుపు నిండా రాళ్ళు. పైకి తేలలేదు, లోతుకు పోలేదు. వీళ్ళతో ఉండిపోవాలని ఉండిపోలేదయ్యా, కదలలేక ఉండిపోయింది. పైగా ఇది కడుపుతో ఉంది."

కోలప్ప బండమీంచి వంగి ఆ నల్లటి వీపు వైపు చూశాడు. గజశాలలో అతను వదిలి వచ్చిన గౌరి అనే ఏనుగు కూడా అప్పుడు చూడితో ఉంది. ఈపాటికి దాని పిల్ల పరుగులు పెడుతూ ఉండాలి. "అయితే ఏం చేద్దామండీ?" అన్నాడు.

ఆలోచించడానికి యువరాజుకు ఓపిక లేదు. తడిబట్టలతోనే నడుచుకుంటూ వెళ్ళి, భోజనాల వరస మధ్యలో నిలబడ్డాడు.

"అవ్వా, నేను అబద్ధమాడాను. నా చెల్లెలు బతికే ఉంది. నా రాయి నాకు తిరిగి ఇప్పించండి."

విస్తళ్ళ ముందునుంచి జనం లేచిపోయారు. బల్లేలు చేతుల్లోకి వచ్చాయి. అందరికంటే ముందు వచ్చినవాడు బంగాడు. జ్వరం రోజుల్లో భార్యనూ కూతురినీ పోగొట్టుకున్న మనిషి. అతని బల్లెం యువరాజు గొంతుకు ఆనింది.

"ఈడొచ్చి అబద్ధమాడితే మావోల్లని బయటికి లాగుతామేటి? నా పెల్లాం ఉన్నాది ఆ కడుపులో. నా గుంట ఉన్నాది. ఆల్లిద్దరూ ఒక్కసోటే ఉన్నారని కదా నేనింకా కూడు తింతన్నాను!"

"పోటు వస్తే ఆ తల్లి మునిగి చస్తుంది. అప్పుడు వాళ్ళెక్కడుంటారు?" అన్నాడు సోమకేతు.

"సముద్రంలో పుట్టినాది సముద్రంలో మునుగుతాదేటి?" అని ఎవరో నవ్వారు.

శంఖవ్వ నవ్వలేదు. మడుగువైపు చూసింది. తలబండ కొస మాత్రమే ఇప్పుడు పైకి కనిపిస్తోంది. "రోజూ సూత్తన్నాను. అమ్మ అలిసిపోనాది. సెప్తే మీరు బాదపడతారని ఊరుకున్నాను" అంది. యువరాజు వైపు తిరిగి, "నీ సెల్లి బతికున్నాదని గురుతేటి?" అని అడిగింది.

అతను భరిణె మూత ఊడదీసి ఆమె చేతిలో పెట్టాడు. ఉప్పు వేలు తెల్లగా మెరిసింది. దాని కొసన కత్తిరించిన గోరు, ఆ గోటి కింద కొత్తగా పెరిగిన నూగంత అంచు. శంఖవ్వ దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"పోయినోల్లకి గోరు పెరగదు" అంది. "బతికున్న గుంట రాయి అమ్మ కడుపులో ఉన్నాది. ఎనక్కి అడగాల. ఇది నా మాట కాదు, ఆచారం. బంగా, బల్లెం దించు. సేదునాచు కొయ్యండి, బేగి!"

ఆచారం అన్నాక బంగాడు కూడా బల్లెం దించాడు. అందరూ బండల వెంట పరిగెత్తారు. నల్లటి చేదునాచు గంపలకొద్దీ కోశారు. వాళ్ళు మడుగు చేరేసరికి తలబండ మునిగిపోయింది. నీళ్ళపైన రెండు ముక్కురంధ్రాలు మాత్రం ఉన్నాయి. అవి మునుగుతూ, తేలుతూ, మళ్ళీ మునుగుతున్నాయి.

చేప అందిస్తే పట్టుకునే శక్తి దానికి లేదు. సోమకేతు నాచు ముద్ద పట్టుకుని ఈదుకుంటూ వెళ్ళి, దవడలు విడదీసి, చెయ్యి భుజందాకా గొంతులోకి దూర్చాడు. సూదిపళ్ళు జబ్బలో దిగబడ్డాయి. రక్తం నీళ్ళలో కలిసింది. అతను చెయ్యి తియ్యలేదు. కోలప్ప మోకాళ్ళ సంగతి మరిచిపోయి నీళ్ళలోకి దిగి, యువరాజు నడుం పట్టుకుని నిలబడ్డాడు. గంప వెనక గంప ఖాళీ అయింది.

ఏమీ జరగలేదు. ముక్కురంధ్రాలు మునిగాయి. ఈసారి తేలలేదు. ఒడ్డున ఆడవాళ్ళు ఏడుపు అందుకున్నారు.

అప్పుడు మెడ మొదట్లో ఒక కదలిక పుట్టింది. అది అలలా మెడ వెంబడి వచ్చి, యువరాజును చెయ్యితో సహా బయటికి విసిరేసింది. మొదట వచ్చింది మధ్యాహ్నం మింగిన రాయే. చేపతోలు ఇంకా అంటుకునే ఉంది. దాని వెనక మిగిలినవన్నీ వచ్చాయి. పాత రాళ్ళు, జ్వరం రాళ్ళు, ఎప్పటివో ఎవరూ ఎరగని రాళ్ళు. కొండచరియ విరిగినట్టు దడదడా చప్పుడు చేస్తూ గట్టు మీద, నీళ్ళలో, జనం కాళ్ళ ముందు పడ్డాయి. తేలికపడ్డ నల్లటి ఒళ్ళు ఇసకలోంచి లేచి, మెల్లగా పక్కకు దొర్లి, నీళ్ళమీద తేలింది. దీర్ఘగ్రీవ తీసుకున్న ఆ ఊపిరి దీవి అవతలి ఒడ్డుకు వినిపించి ఉంటుంది.

కొంతసేపటికే అది ఈనింది. తోక ముందుగా, మెడ చివరగా ఒక పిల్ల నీళ్ళలోకి జారింది. తల్లి దాన్ని ముక్కుతో పైకి నెట్టింది. పిల్ల తుమ్మింది. ఏడుస్తున్నవాళ్ళు ఏడుపు మధ్యలోనే నవ్వారు.

తర్వాత జనం రాళ్ళ దగ్గరికి వెళ్ళారు. ఎవరి రాయి వాళ్ళు వెతుక్కోబోయారు. ఒక్కటీ గుర్తుపట్టలేకపోయారు. ఆ కడుపులో ఒకదానితో ఒకటి ఒరుసుకుని అన్నీ నున్నగా, గుండ్రంగా, కోడిగుడ్ల మాదిరి ఒకేలా అయిపోయాయి. బంగాడు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటే తీసి చూశాడు, పడేశాడు, మళ్ళీ తీశాడు. చివరికి ఒక పెద్దదీ, ఒక చిన్నదీ తీసి రెండు చేతుల్లో పెట్టుకున్నాడు.

"ఇయ్యే మావోల్లు" అన్నాడు.

అతన్ని చూసి మిగిలినవాళ్ళు కూడా చేతికందిన రాయి తీసుకున్నారు. శంఖవ్వ చెప్పిన మేరకు కొన్ని మాత్రమే దీర్ఘగ్రీవకు తిరిగి పెట్టారు. బొత్తిగా రాయి లేకపోతే అది సముద్రంలో కుదురుగా ఈదలేదు. మిగిలినవి గట్టుమీద గోడలా పేర్చారు.

ఇంతలో, "అబ్బా! చచ్చానురో!" అని కోలప్ప కేక వినిపించింది. అన్ని నున్నటి రాళ్ళ మధ్య అతని అరికాల్లో ఏదో గుచ్చుకుంది. కుంటుకుంటూ దాన్ని తీసి తిట్టబోయి ఆగిపోయాడు. ఏ రాపిడికీ అరగని రాయి అది. అంచులు కత్తిలా ఉన్నాయి. లోపల ఒక నీలిచుక్క వెలుగుతోంది.

సోమకేతు దాన్ని తీసుకున్నాడు. సంతోషించాలని అతనికి తెలుసు. అయినా రాళ్ళ మధ్యే చతికిలబడ్డాడు. శంఖవ్వ వచ్చి చేపతోలు అంటిన రాయిని అతని ఒళ్ళో పెట్టింది. "నీ సెల్లి రాయి. ఇంక ఆ గుంటని పోనాదని అనకు" అంది. అప్పుడు మాత్రం యువరాజు పసిపిల్లవాడిలా ఏడ్చాడు. నెలల తరబడి నడిచిన నడకంతా ఆ ఏడుపులో ఉంది.

"అవ్వా, ఇక నా శిక్ష" అన్నాడు కళ్ళు తుడుచుకుని.

"మరవలేదు. తెలిసి అబద్ధపు రాయి పెట్టినావు. నిన్ను అమ్మకి కట్టి సముద్రంలోకి ఇడిసేత్తాం."

బల్లేలవాళ్ళు తాళ్ళు తెచ్చారు. బంగాడే ముందుకొచ్చి యువరాజు నడుముకు తాడు చుట్టాడు. ముడి వేసేటప్పుడు మాత్రం గాయమైన జబ్బకు ఒరిపిడి తగలకుండా కింద మెత్తటి నాచు దోపాడు. కోలప్ప నీళ్ళలోకి అడ్డంపడి, "నన్నూ కట్టండి! నేనూ అబద్ధమాడాను. ఇన్నాళ్ళూ మోకాళ్ళు పోతున్నాయని ఏడ్చానే, నిజానికి అంత నొప్పేం లేదు!" అన్నాడు.

ఒళ్ళంతా అలసట ఉన్నా శంఖవ్వకు నవ్వొచ్చింది. ఇద్దర్నీ దీర్ఘగ్రీవ వీపుకు కట్టించి, యువరాజు చెవి దగ్గరికి వంగింది.

"అమ్మ మునిగితే నువ్వూ మునగాల. ఆచారం అదే. కానీ బాబూ, పసిదానికి ఊపిరి పట్టడం ఒచ్చిందాకా అమ్మ మునగదు. పిల్లని ఏసుకుని నీల్ల మీదే ఎల్తాది, మీరొచ్చిన ఉత్తరానికే ఎల్తాది. దాని మగోడు ఆ పక్కనే ఉంటాడు. పిల్లకి ఊపిరి పట్టడం బేగి ఒచ్చేస్తాది, అది మాత్తరం గుర్తెట్టుకో. నీ ఒడ్డు కనబడీసరికి తాల్లు తెంపుకో."

ఆమె శంఖం ఊదింది. నిండు పోటు బండల గోడను దాటి పొంగింది. దీర్ఘగ్రీవ మెడ సాచి, నాలుగు తెడ్లూ ఒకదాని తర్వాత ఒకటి వేసి, పోటుతో పాటు మడుగు దాటింది. అంత బరువు దిగిపోయిన ఒళ్ళు నీళ్ళమీద పక్షిలా పోతోంది. పిల్ల దాని పక్కనే, తల్లి వేసిన నీటిచాలులో కొట్టుకొస్తోంది. వెనక దీవి మసకసందెలో చిన్నదైపోయింది.

ముందు ఆకాశమంతా మేఘం పరుచుకుంది. దాన్ని లాగుతున్న గుడ్లగూబలకు ఇప్పుడు గాలి కూడా తోడైంది.

సోమకేతు కట్ల మధ్యనుంచి చేతులు ఎలాగో ఇవతలికి తెచ్చుకుని భరిణె తెరిచాడు. ఉప్పు వేలిని అరచేతిలో పెట్టుకుని, నీలిచుక్క రాయి దానికి తాకించాడు. తెలుపు పోయింది. వేలు వెచ్చబడింది. లేతరంగు తిరిగి, కణుపు దగ్గర మెల్లగా వంగి, అతని వేలిని చుట్టి పట్టుకుంది. చిన్నప్పుడు సంతలో తప్పిపోతానని భయపడి హేమలేఖ అలాగే పట్టుకునేది.

తొలి చినుకు టప్పున ఆ వేలి మీద పడింది. వేలు కరగలేదు. అతను చినుకును చూశాడు, మేఘాన్ని చూశాడు, అక్కడ పందిరి కింద నిలబడి ఉన్న మిగతా చెల్లెలిని తలుచుకున్నాడు. పిల్ల ఒకసారి నీళ్ళలోకి మునిగి, కాస్త ఆలస్యంగా పైకి తేలింది.

అతను ముందుకు వంగి ఆ పొడుగు మెడ మీద చెంప ఆనించాడు.

"నాకు తెలుసు, అలిసిపోయావు. నేనూ అలిసిపోయాను" అన్నాడు. "ఇంకొంచెం వేగంగా, తల్లీ."